ఏలూరులో అచ్చయిన పుస్తకం ఫోన్లో దొరుకుతోంది

బెజవాడలో పుస్తకాల షాపులున్న వీధిని ఏలూరు రోడ్డు అంటారు. విశాలాంధ్ర, నవోదయ పేర్లు చెబితే చాలు, మా తరం పాఠకుల కాళ్లు అటే తిరిగేవి. ఏలూరు పేరు పెట్టుకున్న ఆ వీధి ఏలూరుకు అరవై కిలోమీటర్ల దూరం. మంచి నవలో, కొత్త కవితా సంపుటో కావాలంటే ఏలూరు మనిషి రైలెక్కాల్సిందే. తాడేపల్లిగూడెం వాళ్లకు దానిమీద ఇంకో యాభై కిలోమీటర్లు. కొల్లేటి లంకల్లో ఉన్నవాళ్లు ముందు కైకలూరు రోడ్డు మీదకు రావాలి, తర్వాత బస్సు పట్టుకోవాలి, ఆ తర్వాత బెజవాడ. 1989 నుంచి ఏటా జరుగుతున్న విజయవాడ పుస్తక మహోత్సవానికి ఇక్కడినుంచి వెళ్లేవాళ్లు అందుకే సంచులు పట్టుకెళతారు. జనవరి మొదట్లో అక్కడ కొన్నవే ఎండాకాలం దాకా, వానల దాకా రావాలి.

అచ్చు పుస్తకం ఇష్టమా, ఈ-పుస్తకం ఇష్టమా అని పుస్తకప్రియుల్ని అడిగితే వచ్చే జవాబులు మనకు ముందే తెలుసు. ఒకరు కాగితం వాసన అంటారు. ఇంకొకరు జేబులో పట్టే వెయ్యి పుస్తకాలంటారు. ఆ రెండు ఇష్టాలూ నిజమైనవే. అయితే ఈ కాలువల సీమలో పాఠకుల్ని గమనిస్తూ వస్తున్న నాకు ఇష్టం కంటే ముందు దొరకడం అనేది ఒకటుందని తెలిసొచ్చింది. ఏ రూపంలో దొరికితే ఆ రూపంలో చదువుతున్నాం, తర్వాత దాన్నే ఇష్టమంటున్నాం. పైగా తెలుగులో మనం ఈ-పుస్తకం అంటున్నది ఇంకా సగమే తయారైంది. సగం పనిని అచ్చు పుస్తకం పక్కన నిలబెట్టి తీర్పు చెప్పేయడం తొందరపాటని నా అభిప్రాయం.

ముఖపత్రం మీద మన ఊరు

పుస్తకాల కోసం ఏలూరు ఎప్పుడూ ఇలా పక్క ఊరి వైపు చూడలేదు. నూరేళ్ల కిందట ఇక్కడే అచ్చు యంత్రాలు తిరిగాయి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనే మంజువాణీ ముద్రాక్షరశాల ఏలూరు పేరుతో తెలుగు పుస్తకాలు వేసింది. తర్వాత వెంకట్రామా అండ్ కో వచ్చింది. ఆ సంస్థ వేసిన వాచకాలు ఎక్కడెక్కడి బళ్లకో ఏలూరు నుంచే వెళ్లాయి. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు దానికి కేంద్రమయ్యే నాటికే ఈ ఊరికి సీసపు అక్షరాల చప్పుడు బాగా అలవాటు.

ఆ పుస్తకాల్లో ఒకటి కావాలని ఇప్పుడు ఏలూరు బజార్లో అడిగి చూడండి. అలాంటి పుస్తకం ఒకటుండేదని చెప్పగలిగే పెద్దమనిషి దొరికినా గొప్పే. అదే ఫోన్లో ఇంటర్నెట్ ఆర్కైవ్ తెరిచి ఓపిగ్గా వెతికితే ఒక్కొక్కటీ బయటికొస్తాయి. పసుపెక్కిన ముఖపత్రం, అడుగున ఏలూరు అనే పాత అచ్చు, పక్కన ఏదో గ్రంథాలయం వేసిన గుండ్రటి ముద్ర. మన ఊరి అచ్చు మన ఊళ్లో మిగలకపోవడం నాకు బాధ. ఎక్కడో సర్వర్లలో బతికి ఉండటం ఊరట. అచ్చు గొప్పదా, డిజిటల్ గొప్పదా అని వాదించేవాళ్లు ఇలాంటి ఒక్క ముఖపత్రాన్ని తెరిచి చూడాలి.

ఇవి అక్కడికి చేరిన దారి కూడా తెలుసుకోదగ్గదే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయించాలని సంకల్పించారు. మన దేశంలో ఆ పని డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో సాగింది. గ్రంథాలయాల బీరువాల్లోంచి తెలుగు పుస్తకాలు వేలాదిగా స్కానర్ కిందకు వెళ్లాయి. పని హడావుడిగా జరిగింది. పేర్లు ఇంగ్లీషు లిపిలో ఎలా తోస్తే అలా కొట్టారు. కొన్ని పుస్తకాల్లో పేజీలు తప్పిపోయాయి, కొన్నిచోట్ల స్కాన్ చేసిన మనిషి వేళ్లు అక్షరాల మీద పడ్డాయి. అయినా ఆ వేళ్లకు నేను దణ్ణం పెడతాను. 2016, 17 ప్రాంతంలో ఆ సైటు ఆగిపోయినప్పుడు, అప్పటికే ఫైళ్లను ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చిపెట్టిన స్వచ్ఛంద కార్యకర్తలకు ఇంకో దణ్ణం. వాళ్లు లేకపోతే మంజువాణీ వారి అచ్చు రెండోసారి పోయేది.

పాత పత్రికలది ఇంకో దారి. భారతి, ఆంధ్రపత్రిక, గృహలక్ష్మి సంచికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి అందరికీ తెరిచింది. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో తెరిచిన కథానిలయం, తెలుగు కథల సంపదను వెబ్‌సైటులోకి ఎక్కించింది. మనసు ఫౌండేషన్ రచయితల సర్వస్వాలను అచ్చులో తెస్తూనే స్కానింగుకూ పూనుకుంది. ఈ పనులు చేసినవాళ్లందరూ ముందు అచ్చు పుస్తకాన్ని ప్రేమించినవాళ్లే.

పంక్తి చివర మాట ఎటుపోయింది?

స్కాన్ అంటే పేజీకి తీసిన ఫొటో. మన నవలలు ఎక్కువగా వచ్చే డెమ్మీ సైజు పేజీ వెడల్పు ఐదున్నర అంగుళాలు. చేతిలోని ఫోన్ తెర మూడంగుళాలు కూడా ఉండదు. పేజీ మొత్తం కనిపించేలా పెడితే అక్షరం సగానికి సగం చిక్కిపోతుంది. తెలుగులో ఆ బాధ ఎక్కువ. గుణింతం పైన, ఒత్తు కింద. స్కాన్ కొంచెం మసకైతే పవత్తు ఏదో, వవత్తు ఏదో పోల్చుకోలేం.

కంట్లో శుక్లాల ఆపరేషన్ అయ్యాక మా పెద్దమ్మకు పాత నవలొకటి నా ట్యాబ్‌లో పెట్టిచ్చాను. రెండు వేళ్లతో అక్షరాలు పెద్దవి చేయడం చూపించాను.

“పెద్దదైతే అయింది గానీ నాన్నా, పంక్తి చివర మాట ఎటుపోయింది?”

“పక్కకు జరుపు పెద్దమ్మా, వస్తుంది.”

“జరిపితే మొదలు పోతోంది. నాకు ఆ పుస్తకమే తెచ్చిపెట్టరా.”

ఈ మాట విని మా ఇంట్లో వాళ్లు పెద్దమ్మకు అచ్చు పుస్తకమే ఇష్టమని తేల్చారు. నాకలా అనిపించలేదు. ఆమెకిచ్చింది ఈ-పుస్తకమే కాదు, ఒక ఫొటో. అక్షరం అక్షరంగా ఎక్కించిన అసలైన ఈ-పుస్తకంలో అచ్చు పెద్దది చేస్తే పంక్తి తనంతట తనే విరిగి కిందకు దిగుతుంది. మాట ఎటూ పోదు. మాయమైన మాట కోసం వెతుక్కోనక్కర్లేని పుస్తకాన్ని ఇచ్చాక కదా ఆమె ఇష్టం ఏమిటో అడగాలి!

చూపు సంగతి వస్తే చిలకమర్తి లక్ష్మీనరసింహం గుర్తురాక మానరు. ఖండవల్లిలో 1867లో పుట్టిన ఆ మహానుభావుడిని చిన్ననాటి నుంచే రేచీకటి వేధించింది. తర్వాత చూపు పూర్తిగా పోయింది. ఆయన చెబుతుంటే పక్కనున్నవాళ్లు రాసుకున్నారు. అంత కష్టం మీద వచ్చిన రచనలను ఈనాటి అంధ పాఠకులు వినగలగాలి. ఫోన్‌కు చదివి వినిపించడం వచ్చు, కానీ అది అక్షరాలనే చదవగలదు, ఫొటోను కాదు. గణపతి నవల స్కాన్‌గానే ఉన్నంతకాలం కళ్లులేని వాళ్లకు అది మూసిన పుస్తకమే.

ఇంగ్లీషు పాఠకుడికి ఈ ఇబ్బంది ఎప్పుడో తీరింది. కిండిల్ 2007లో వచ్చింది. దాని తెర ఫోన్‌లా వెలుతురు చిమ్మదు. నల్లటి, తెల్లటి రేణువులు పైకీ కిందకీ కదిలి కాగితం మీది అచ్చులా అక్షరాలు ఏర్పడతాయి, పేజీ తిప్పినప్పుడే కరెంటు ఖర్చు. 2016 డిసెంబరులో అమెజాన్ ఐదు భారతీయ భాషల్లో కిండిల్ పుస్తకాలు మొదలుపెట్టింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. కోట్లమంది మాట్లాడే తెలుగుకు ఆ వరసలో చోటు లేకపోయింది. 2010 తర్వాతి సంవత్సరాల్లో కినిగె లాంటి మనవాళ్ల దుకాణాలే తెలుగు ఈ-పుస్తకాలను అమ్మి, అద్దెకూ ఇచ్చి, ఆ లోటు కొంత పూడ్చాయి.

తప్పంతా పైవాళ్లదే అనలేం. మన పుస్తకాలు చాలావరకు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో తయారయ్యాయి. అవి యూనికోడ్ కావు. అచ్చుకు అందంగా కుదురుతాయి గానీ ఆ ఫైలును ఈ-పుస్తకంగా మార్చబోతే అక్షరాలు చెదిరిపోతాయి. మార్చాక మళ్లీ ప్రతి పేజీ దిద్దాలి. ఐదు వందలో వెయ్యో ప్రతులు వేసి, అవి అమ్ముడుపోతే చాలనుకునే ప్రచురణకర్త ఆ దిద్దుబాటుకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు? అందుకే పీడీఎఫ్ దగ్గర ఆగిపోతున్నాం.

నీటి పక్కన కాగితం

కొల్లేటి పక్కన పుస్తకాలు దాచినవాళ్లకు అచ్చు మీద ప్రేమతోపాటు భయం కూడా ఉంటుంది. ఇక్కడి గాలిలో ఏడాదిలో సగం రోజులు తేమే. బీరువా అడుగున వేపాకు, నాఫ్తలీన్ ఉండలు వేసినా చెద దారి వెతుక్కుంటుంది. నూలు గుడ్డలతో చేసిన పూర్వపు కాగితం గట్టిది. చెక్క గుజ్జుతో చేసిన చౌక కాగితంలో ఆమ్లం మిగిలిపోతుంది. తేమ, వేడి తగిలినకొద్దీ ఆ ఆమ్లమే కాగితాన్ని లోపల్నుంచి తినేస్తుంది. అరవైల నాటి పాకెట్ నవలలు ముట్టుకుంటే పెళుసుగా విరగడం అందుకే. మచిలీపట్నం నుంచి ఎమెస్కో వాళ్లు ఇంటింటికీ పంపిన చౌక నవలలు ఈ జిల్లాల్లో ఎన్ని గూళ్లలో పొడిపొడి అయ్యాయో.

ఇక నీళ్లు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ కొల్లేట్లోకే వస్తాయి. సముద్రంలోకి వెళ్లడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ ఇళ్లను ముంచినప్పుడు ఆ నీరంతా తర్వాత వచ్చింది ఇక్కడికే. లంక ఊళ్ల దారులు మునిగాయి. అలాంటప్పుడు ఇంటివాళ్లు ముందు పిల్లల్ని, గొడ్లని, బియ్యాన్ని, పట్టా కాగితాల్ని మెరకకు చేరుస్తారు. పుస్తకాల వంతు చివరిది, అది న్యాయమే. తడిసిన పుస్తకాన్ని ఎండబెట్టినా పేజీలు అతుక్కుపోతాయి, బూజు పడుతుంది. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవలలో ఈ సరస్సు చుట్టూ పెనవేసుకున్న బతుకును రాశారు. అలాంటి పుస్తకమైనా ఈ నీళ్ల పక్కన ఒక్క కాగితం ప్రతిగానే ఉంటే నాకు గుండె దడ.

ఫోన్లో ఉంటే భద్రమా అంటే అదీ చెప్పలేం. 2009 జులైలో అమెజాన్, హక్కుల తగాదా వచ్చిందని, జార్జ్ ఆర్వెల్ పుస్తకాలను కొన్నవాళ్ల కిండిల్ యంత్రాల్లోంచి చెప్పాపెట్టకుండా తుడిచేసింది. డబ్బు వెనక్కి ఇచ్చింది గానీ, రాత్రికి రాత్రి పుస్తకం పోయిన సంగతి పాఠకులు మర్చిపోలేదు. కొన్న ఈ-పుస్తకంలో చాలాసార్లు మనకు దక్కేది చదువుకునే అనుమతే. లంకలో ఒకరు కొన్న నవల చేతులు మారుతూ పది గడపలు తిరిగినట్టు, అది ఎదురింటి వదినకు ఇవ్వడానికి ఉండదు. మొదటి పేజీలో ఆశీస్సులతో అని రాసి మనవరాలి చేతిలో పెట్టడానికీ ఉండదు. అచ్చు పుస్తకానికున్న ఈ బలం వాసన కంటే చాలా పెద్దది.

అనుమతి లేకుండా పంచుకోవడం గురించి మాత్రం నేను కచ్చితంగా చెబుతాను. నిన్నగాక మొన్న వచ్చిన పుస్తకాన్ని, రచయిత మన మధ్య ఉండగానే, స్కాన్ చేసి వాట్సాప్ గుంపుల్లో తిప్పడం సాహిత్యసేవ కాదు. వెయ్యి ప్రతులు అమ్ముకోవడానికి రచయిత తనే సంచి మోస్తున్న భాషలో అది దొంగతనమే. పాత పుస్తకాన్ని బతికించిన స్కానర్‌కూ దీనికీ పోలిక లేదు.

పడవ మీద వెళ్లిన పుస్తకం

దొరకడం కోసం పడ్డ పాట్లు ఈ నేలకు కొత్త కాదు. భీమవరం దగ్గర కుముదవల్లిలో 1897లోనే భూపతిరాజు తిరుపతిరాజు వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం స్థాపించారు. అది పట్టణం కాదు, పల్లెటూరు. 1914లో బెజవాడలో జరిగిన తొలి గ్రంథాలయ మహాసభతో అయ్యంకి వెంకటరమణయ్య వంటి వారి శ్రమ ఉద్యమమైంది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి వైపు పడవ గ్రంథాలయం నడిపారు. పడవ ఆగినచోట ఊరివాళ్లు గట్టుకొచ్చి పుస్తకం తీసుకునేవారు.

కృష్ణా కాలువా గోదావరి కాలువా కలిసేది ఏలూరులోనే. లంకల్లో తాటిదోనెల మీదే రాకపోకలు సాగిన రోజులు పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. పడవ మీద పుస్తకం వెళ్లిందంటే ఈ ప్రాంతానికి బాగా అర్థమవుతుంది. పాఠకుడున్న చోటికి పుస్తకం వెళ్లాలి అన్నది పాతూరి వారి పట్టుదల. ఇవాళ చేపల చెరువు గట్టు మీద కాపలా పాకలో రాత్రంతా మేలుకునే మనిషి దగ్గర కూడా ఫోన్ ఉంది. పాతూరి వారు ఇప్పుడుంటే ఆ ఫోన్‌ను వదిలేసేవారా? అందులోకి మంచి తెలుగు పుస్తకం ఎలా చేర్చాలా అని ఆలోచించేవారని నా నమ్మకం.

గూడెం రైల్లో

తాడేపల్లిగూడెం స్టేషన్లో పొద్దున్నే ఏలూరు వైపు వెళ్లే ఉద్యోగుల్ని చూడండి. ఒకప్పుడు వాళ్ల చేతుల్లో వారపత్రికలు, అద్దె నవలలు ఉండేవి. ఇప్పుడు ఫోన్లే. అందరూ వీడియోలే చూస్తున్నారనుకోవడం పొరపాటు. ప్రతిలిపి యాప్‌లో సీరియళ్లు చదివే ఆడవాళ్లు చాలామంది. యద్దనపూడి నవలల కోసం అద్దె పుస్తకాల షాపు ముందు నిలబడ్డ తల్లుల కూతుళ్లు వీళ్లు. చదివే ఆకలి అలాగే ఉంది. ఆ సీరియళ్లు ఫొటోలు కావు, అక్షరాలు. అందుకే రైలు కుదుపులోనూ హాయిగా చదువుకోగలుగుతున్నారు.

కథలకు తెర సరిపోతుందని పరిశోధన కూడా చెబుతోంది. స్పెయిన్‌లోని వాలెన్సియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇతరులతో కలిసి, 2000 నుంచి 2017 వరకు జరిగిన 54 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2018లో ఫలితాలు ప్రకటించారు. వాటిలో పాల్గొన్నవాళ్లు లక్షా డెబ్భై వేల మందికి పైమాటే. కథలు చదివినప్పుడు కాగితానికీ తెరకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. విషయం నేర్చుకోవడానికి చదివే పాఠాల్లో, అందులోనూ గడియారం ముందు పెట్టుకుని చదివేటప్పుడు, కాగితం మీద చదివినవాళ్లకే బాగా అర్థమైంది. గూడెంలో 2015లో వచ్చిన ఎన్‌ఐటీలోనో, వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయంలోనో చదివే పిల్లలు పరీక్షల ముందు పీడీఎఫ్ నోట్సును జిరాక్స్ తీయించుకుంటున్నారంటే అందులో చాదస్తం ఏమీ లేదు.

అమెరికాలో ప్యూ సంస్థ 2021లో జరిపిన సర్వేలో, అంతకుముందు ఏడాదిలో అచ్చు పుస్తకం చదివిన పెద్దవాళ్లు నూటికి 65 మంది, ఈ-పుస్తకం చదివినవాళ్లు 30 మంది. అన్ని సౌకర్యాలూ ఉన్నచోట కూడా కేవలం డిజిటల్‌తోనే, అంటే ఈ-పుస్తకాలూ ఆడియో పుస్తకాలతోనే, సరిపెట్టుకున్నవాళ్లు 9 మందే. రెండు రకాలూ చదివినవాళ్లు 33 మంది. కాగితం చచ్చిపోతుందన్న భయం అక్కర్లేదు.

ఎనిమిది పైసల పని

1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మనం కట్టే ఆస్తిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల సెస్సు. ఏలూరులో, గూడెంలో సొంత ఇల్లున్న ప్రతివారూ, ఒక్క పుస్తకం చదవకపోయినా, పుస్తకాల కోసం డబ్బు ఇస్తున్నారు. ఆ డబ్బు గ్రంథాలయాలకు సకాలంలో అందాలి, దాంతో కొత్త అచ్చు పుస్తకాలు కొనాలి. ఇందులో రెండో మాట లేదు. అదే డబ్బులో కొంత, ఈ జిల్లాల రచయితల పాత పుస్తకాలను అక్షరాలుగా ఎక్కించడానికి కూడా ఖర్చుపెట్టాలని నేను అడుగుతున్నాను.

చట్టం అడ్డురాదు. మన దేశంలో రచయిత పోయిన అరవై ఏళ్లకు కాపీహక్కు తీరుతుంది. చిలకమర్తి 1946లో వెళ్లిపోయారు. భీమవరం దగ్గర పుట్టిన అడివి బాపిరాజు 1952లో. వేయిపడగలుతో కలిసి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి పంచుకున్న ‘నారాయణరావు’ సహా, ఆయన తన జీవితకాలంలో ప్రచురించిన రచనలు 2013 నుంచి అందరివీ. తెలుగు వికీసోర్స్‌లో ఇప్పటికే కొందరు ఈ పని చేస్తున్నారు. తెరమీద ఒకవైపు స్కాన్ పేజీ, రెండోవైపు దాని అక్షరాలు. యంత్రం గుర్తుపట్టిన పాఠంలో ఒత్తులు, గుణింతాలు తప్పుతాయి. ఒకరు దిద్దుతారు, ఇంకొకరు సరిచూస్తారు. మూడు వందల పేజీల నవల ఇలా తయారైతే మహా అయితే ఒకటి రెండు ఎంబీలు. లంకలో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఫోన్లోకి కూడా దిగుతుంది. మా పెద్దమ్మ కోరుకున్నంత పెద్ద అచ్చులో కనబడుతుంది, కళ్లులేని వాళ్లకు వినబడుతుంది.

తణుకు దగ్గర మండపాకలో పుట్టిన దేవరకొండ బాలగంగాధర తిలక్ 1966 జులై 1న కన్నుమూశారు. ఆయన ఉండగా అచ్చయిన రచనలు 2027 జనవరి 1 నుంచి అందరివీ అవుతాయి. ఆయన కథల్లో ‘నల్లజర్ల రోడ్డు’ ఉంది. నల్లజర్ల తాడేపల్లిగూడానికి ఎంతో దూరం లేదు. కొత్త సంవత్సరం నాడు ఆ పేజీలను దిద్దడానికి కూర్చునేవాళ్లు గూడెం పిల్లలే అయితే బాగుంటుంది. జిల్లా గ్రంథాలయ సంస్థ వాళ్లకు రెండు కంప్యూటర్లు, ఒక గది, సరిచూడటానికి తెలుగు మాస్టారు ఒకర్ని ఇస్తే చాలు.